యూవీ దీపం కింద శిలాజం: అతుకులు ఎలా పట్టుబడతాయి?

నేలలోంచి తీసిన పాత ఎముక చాలాసార్లు ముక్కలుగానే బయటికొస్తుంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన తర్వాత కొడుకు హెన్రీ తవ్వించినప్పుడు దొరికిందీ అలాంటి సరుకే. విరిగిన దవడలు, ఊడిన పళ్ళు, ఎలుకలవీ గబ్బిలాలవీ సన్నటి ఎముకలు. వాటిని శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి, ఏది ఏ జంతువుదో తేల్చి 1886లో ప్రచురించాడు. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ గుహలు నంద్యాల జిల్లాలోకి వెళ్ళాయి గానీ, శాస్త్రవేత్తల రాతల్లో అవి ఇప్పటికీ కర్నూలు గుహలే.

ఇలాంటి ఎముకని ఎవరో ఒకరు అతికించక తప్పదు. అతికించకపోతే కొలతలు తీయలేం, ఇంకో ఎముకతో పోల్చలేం, పెట్టెలో పెట్టి ఇంకో ఊరికి పంపితే పొడి మిగులుతుంది. అందుకే మ్యూజియాల్లో ఉన్న శిలాజాల్లో చాలావాటికి ఏదో ఒక మరమ్మతు జరిగే ఉంటుంది. అతుకు కనపడగానే "ఇది దొంగ సరుకు" అనేయడం మనకి అలవాటే గానీ, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. ఎక్కడ అతికించారు, దేనితో అతికించారు, లేని భాగాన్ని ఎంతమేర కొత్తగా కట్టారు, ఆ సంగతి చెప్పారా దాచారా అని అడగాలి. మొదటి మూడు ప్రశ్నలకి జవాబు వెతకడంలో చవకగా, శిలాజానికి గీత పడకుండా పని చేసేది అతినీలలోహిత కాంతి. వాడుకలో యూవీ లైటు.

దీనికోసం అంత తంటాలు ఎందుకు అంటారా? బిల్లసర్గంలో కొత్తగా జరిపిన తవ్వకాల ఆధారంగా ప్యాట్రిక్ రాబర్ట్స్, ఆయన సహ పరిశోధకులు 2014లో ఒక పెద్ద మాట చెప్పారు. గత 2 లక్షల ఏళ్ళలో మంచుయుగాలు వచ్చిపోయినా, వాతావరణం తారుమారైనా, ఇక్కడి క్షీరదాలు చాలావరకు అలాగే కొనసాగాయని. అంతటి మాట నిలబడేది చిన్న చిన్న ఆధారాల మీద, ముఖ్యంగా పళ్ళ మీద. దుప్పి పన్నా, జింక పన్నా అన్నది పంటి పైభాగం మీద ఉండే మడతలు, ఎత్తు, వెడల్పు చూసి చెబుతారు. ఆ మడతల్లో ఒకటి ఎవరో ఎప్పుడో పుట్టీతో నింపిందైతే, కొలిచేవాడు జంతువుని కాకుండా పుట్టీని కొలుస్తున్నాడన్నమాట.

ఇప్పుడు దీపం సంగతి. మన కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉంటుంది. అంతకన్నా పొట్టి తరంగాలు యూవీ. అవి కంటికి కనపడవు గానీ వాటిలో శక్తి ఎక్కువ. కొన్ని పదార్థాల మీద యూవీ పడినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు ఆ శక్తిని మింగి పై మెట్టు ఎక్కుతాయి. దిగేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని కాంతిగా వదులుతాయి. శక్తి తగ్గింది కాబట్టి ఆ తరంగం పొడుగవుతుంది, మన కంటికి కనిపించే మేరలోకి వస్తుంది. దీన్నే ప్రతిదీప్తి అంటారు. జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ 1852లో దీన్ని వివరించాడు. కొట్టులో ఐదు వందల నోటుని చిన్న యూవీ దీపం కింద పెడితే నంబర్లు వెలుగుతాయి చూడండి, అదే సూత్రం. తేడా ఒక్కటే. నోటులో ఏది వెలగాలో ముందే రాసిపెట్టి ఉంది. శిలాజంలో ఏది వెలగాలో ఎవరూ రాసిపెట్టలేదు.

ఎముకలోని ఖనిజం ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్. మట్టిలో పడి ఉన్న వేల, లక్షల ఏళ్ళలో అది భూగర్భ జలం నుంచి ఫ్లోరిన్‌నీ, అరుదైన మృత్తికా మూలకాలనీ (రేర్ ఎర్త్స్ అనే లోహాలు) కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. ఆ కొసరు మూలకాల వల్ల కొన్ని శిలాజ ఎముకలు యూవీ కింద లేత పసుపుగానో, నారింజగానో, నీలి తెలుపుగానో వెలుగుతాయి. తాజా ఎముక వెలుగు వేరు. అందులో ఇంకా మిగిలి ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ వల్ల అది నీలం కలిసిన తెలుపుతో గట్టిగా మెరుస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఇక ఇనుము ఎక్కువగా చేరిన ఎముక అసలు వెలగకపోవచ్చు. ఇనుము ఈ వెలుగుని అణిచేస్తుంది. కాబట్టి ఎర్రమట్టి పట్టిన ఎముక యూవీ కింద నల్లగా, మొద్దుగా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఒకే చోట, ఒకే మట్టిలో దొరికిన ఎముకలు దాదాపు ఒకే రకంగా కనిపిస్తాయి. కాబట్టి పోలిక ఆ చోటి ఎముకలతోనే చెయ్యాలి. పుస్తకంలో అచ్చయిన రంగుల పట్టికని పట్టుకుని కూర్చుంటే దారి తప్పుతాం.

మనిషి చేర్చిన పదార్థాల తీరు ఇంకోలా ఉంటుంది. అరల్డైట్ లాంటి ఎపాక్సీలు సాధారణంగా నీలి తెలుపుతో ధగధగా వెలుగుతాయి. ఫెవికాల్ జాతి తెల్ల బంకలది పాలలాంటి నీలం. లక్కతో చేసిన పూత నారింజ రంగులో మెరుస్తుంది, 19వ శతాబ్దంలో గట్టిపరచిన శిలాజాల మీద ఇది తరచూ కనిపిస్తుంది. తోలు, ఎముకలు ఉడికించి చేసే పాతకాలపు బంక తెల్లగా వెలుగుతుంది, పాతబడేకొద్దీ పసుపుకి తిరుగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మామూలుగా పెద్దగా వెలగదు. దాన్ని పట్టించేది పైన వేసిన రంగు. జింక్ తెలుపు కలిసిన రంగైతే పసుపు పచ్చగా మెరుస్తుంది, టైటానియం తెలుపైతే యూవీని మింగేసి నల్లగా ఉండిపోతుంది. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ మాత్రం బాగా తక్కువగా వెలుగుతుంది. దానితో చేసిన సన్నటి అతుకు యూవీకి దొరక్కుండా పోవడం మామూలే.

రంగు కన్నా ఆకారం ఎక్కువ చెబుతుంది. నేను ముందు చూసేది అంచుల్ని. బంక కారుతుంది, చుక్కలు కడుతుంది, బ్రష్ గీతలు వదులుతుంది, పగులు దాటి రెండు పక్కలా పొర్లుతుంది. ఎముక సహజంగా అలా చెయ్యదు.

దీపం కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చవకగా దొరికే ఊదారంగు టార్చీలు చాలావరకు 395 నానోమీటర్లవి. వాటిలోంచి కంటికి కనిపించే ఊదా కాంతి కూడా దండిగా వస్తుంది, శిలాజం మీది నీరసమైన వెలుగు ఆ ఊదాలో మునిగిపోతుంది. 365 నానోమీటర్లది, ముందు నల్ల ఫిల్టర్ గాజు ఉన్నది కావాలి. వెలిగించినప్పుడు గోడ మీద పెద్దగా ఏమీ కనపడకపోతే అది మంచి టార్చి అన్నట్టు. గది పూర్తిగా చీకటి చేసి, కన్ను ఆ చీకటికి అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు చూడాలి. మధ్యలో ఫోన్ తీసి వాట్సాప్ చూస్తే మళ్ళీ మొదటికే.

254 నానోమీటర్ల పొట్టి తరంగ దీపాలు కూడా ఉన్నాయి. కొన్ని ఖనిజాలు వాటి కిందే వెలుగుతాయి. కానీ అవి చర్మాన్ని కాలుస్తాయి, కంటి పైపొరని దెబ్బతీస్తాయి. వెల్డింగ్ మంట చూసినవాళ్ళకి రాత్రి కళ్ళు మండేది కూడా యూవీ వల్లే. ఏ దీపమైనా యూవీని ఆపే కళ్ళద్దాలు లేకుండా వాడొద్దు, 254ని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోవద్దు.

ఇంకో తలనొప్పి, దుమ్ము. బట్టలుతికే పొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు యూవీ కింద కొట్టొచ్చినట్టు వెలుగుతాయి. తెల్లచొక్కా వేసుకుని దీపం ముందు కూర్చుంటే మనిషే ట్యూబ్‌లైట్ అవుతాడు, ఆ వెలుగు శిలాజం మీద పడుతుంది. తుడిచిన గుడ్డ నుంచి రాలిన ఒక్క నూలుపోగు తెల్లటి తీగలా మెరుస్తూ "పగులు ఇక్కడుంది" అని మోసం చేస్తుంది. నల్లచొక్కా వేసుకోవడం, ముందే మెత్తటి బ్రష్‌తో దులపడం మేలు. (గుహల దగ్గరికి రాత్రిపూట ఈ టార్చి పట్టుకెళ్ళేవాళ్ళకి ఒక లాభం ఉంది. తేళ్ళు యూవీ కింద నీలి ఆకుపచ్చగా వెలుగుతాయి. మన సీమ బండల మధ్య అది చిన్న లాభమేమీ కాదు.)

కర్నూల్లో నా మిత్రుడొకరు ఆన్‌లైన్‌లో మొరాకో ట్రైలోబైట్ కొన్నాడు. ట్రైలోబైట్లు 25 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిన సముద్రపు జీవులు. మొరాకోలో అవి విరివిగా దొరుకుతాయి, వాటి నకళ్ళూ అంతే విరివిగా తయారవుతాయి. అరచేతిలో ఇమిడే బూడిదరంగు రాయి, దాని మీద వీపంతా ముళ్ళు లేచిన నల్లటి జీవి. "యాడ చూసినా ఒరిజినల్ మాదిరే ఉందే అన్నా" అన్నాడు. కిటికీలకి దుప్పట్లు కట్టి లైటు తీసేశాం. టార్చి వేస్తే రాయి మొద్దు గోధుమ రంగులో ఉండిపోయింది, జీవి శరీరం కూడా దాదాపు అంతే. ముళ్ళలో మూడు మాత్రం వేరుగా ఉన్నాయి. ఒకదానికి మొదట్లో సన్నటి నీలి గీత, పైన మళ్ళీ నల్లగా. అంటే అది అసలు ముల్లే, చెక్కేటప్పుడు విరిగితే అతికించారు. మిగతా రెండూ మొదలు నుంచి కొన దాకా పాలనీలంగా వెలిగాయి. భూతద్దంలో ఒకదాని మీద గుండ్రటి చిన్న గుంట కనపడింది, రెసిన్‌లో గాలి బుడగ పగిలిన చోటు. వాటి కింద రాయి మీద కూడా అదే నీలం అంగుళం మేర అలుముకుని ఉంది, రంగు కలిపిన పుట్టీతో సరిచేసినట్టు.

గీతలా వెలిగితే అతుకు, మొత్తంగా వెలిగితే కట్టుడు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే యూవీ కింద చూసే పని సగం వచ్చినట్టే. "అయితే మిగిలిందంతా నిజమేనా అన్నా?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వెలగని చోటంతా అసలుదే అని చెప్పే శక్తి యూవీకి లేదు. ఆ రాతి పొడినే బంకలో కలిపి పూస్తే వెలుగు బాగా తగ్గిపోతుంది. పైన యూవీని మింగే రంగు వేస్తే కింద ఏముందో అసలు తెలీదు.

ఇక మన గుహల ఎముకల దగ్గరికొస్తే చిక్కు తిరగబడుతుంది. అక్కడ భయం, అసలుదాన్ని మరమ్మతు అనుకోవడం. సున్నపురాయి గుహల్లో పైనుంచి కారే నీటితో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం పొరలు కడుతుంది. బెలుం గుహలకి వెళ్ళినవాళ్ళు పైనుంచి వేలాడే రాతి ఊడల రూపంలో దాన్ని చూసే ఉంటారు. అదే కాల్సైట్ ఎముకల మీదా పేరుకుంటుంది, పగుళ్ళలోకి దూరి వాటిని తనే అతికిస్తుంది. పై మట్టి నుంచి నీటితో వచ్చిన సేంద్రియ ఆమ్లాలు అందులో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి గుహల కాల్సైట్ తరచూ యూవీ కింద నీలి తెలుపుగా వెలుగుతుంది. ఎపాక్సీ, తెల్ల బంక కూడా ఆ రంగే. ముదురు గోధుమ రంగు దవడ మీద, పగులు వెంబడి, నీలి తెలుపు గీత. ఎవరు చూసినా బంక అనే అంటారు.

విడదీయడానికి దారులున్నాయి. మొదటిది, దీపం ఆర్పి చూడటం. గుహల కాల్సైట్‌లో చాలావాటికి దీపం ఆరిన తర్వాత కూడా ఒకట్రెండు క్షణాలు వెలుగు నిలిచే గుణం ఉంది. బంకల వెలుగు మామూలుగా దీపంతోపాటే పోతుంది. చీకటికి అలవాటు పడిన కళ్ళకే ఇది తెలుస్తుంది. రెండోది భూతద్దం. కాల్సైట్‌కి స్ఫటికపు ముఖాలుంటాయి, కాంతిని తిప్పితే తళుక్కుమంటాయి, పొరపొరగా ఉంటుంది. బంక నున్నగా, అంచు గుండ్రంగా ఉంటుంది. మూడోది చిన్న పరీక్ష, శిలాజం బాధ్యత ఉన్నవాళ్ళే చెయ్యాలి. కనపడని మూల నుంచి సూదిమొన అంత పొడి గీకి, సూక్ష్మదర్శిని కింద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ బుసబుసమంటూ పొంగుతుంది. అసిటోన్‌తో తడిపిన దూదిపుల్ల ఆనిస్తే తెల్ల బంక, సూపర్ గ్లూ మెత్తబడతాయి. ఎపాక్సీ గట్టిపడ్డాక అసిటోన్‌కి లొంగదు, కాల్సైట్‌కి అసిటోన్ లెక్కే లేదు. యూవీ ఎక్కడ చూడాలో చూపించింది, ఏమిటన్నది చెప్పింది అసిటోన్, ఆమ్లం. పరిశీలనకి కూర్చున్నప్పుడు వీటిలో ఏ ఒక్కదాని మాటనీ ఒంటరిగా నమ్మను.

కడప బేసిన్ పాత రాళ్ళ విషయంలో ఈ తిప్పలేవీ లేవు. వేంపల్లె వైపు రాళ్ళ వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు, ఎముక ఉన్న జీవులు పుట్టింది 50 కోట్ల ఏళ్ళకి అటూఇటూగా. ఆ రాళ్ళలో ఉన్నవి స్ట్రొమటోలైట్లు, సూక్ష్మజీవుల పొరలు పేరుకుని ఏర్పడిన గుండ్రటి నిర్మాణాలు. అలాంటి రాతిలో "డైనోసార్ ఎముక ఉంది" అని ఎవరైనా ఫొటో పంపితే దీపం వెలిగించే పని కూడా లేదు. సున్నపురాయి పలకల మీద అప్పుడప్పుడు కనిపించే ఆకుల్లాంటి నల్ల బొమ్మలు కూడా మాంగనీసు ఆక్సైడు గీసినవే, మొక్కలు కావు.

యూవీ పరీక్ష ఎంత దూరం తీసుకెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూపించే కథ ఇటలీలో ఉంది. ట్రైడెంటినోసారస్ అనే బల్లిలాంటి జీవి శిలాజం 1931లో ఆల్ప్స్ పర్వతాల్లో దొరికింది. వయసు సుమారు 28 కోట్ల ఏళ్ళు. రాయి మీద నల్లగా శరీరం ఆకారమంతా ఉండటంతో, చర్మం కూడా నిలిచిన అరుదైన శిలాజమని దశాబ్దాలపాటు నమ్మారు. వాలెంటినా రోసీ నాయకత్వంలోని బృందం యూవీ కింద ఫొటోలు తీస్తే, మొత్తం దేనితోనో పూత పూసినట్టు తేలింది. అక్కడే ఆగి ఉంటే ఏమీ తేలేది కాదు. ఎందుకంటే పాత రోజుల్లో శిలాజాలని కాపాడటానికి వార్నిష్ పూయడం మామూలే. ఆ పూత కింద అసలు చర్మం ఉండొచ్చని వాళ్ళూ ఆశపడ్డారు. సూక్ష్మదర్శిని, రసాయన పరీక్షలు చేశాక ఆ "చర్మం" నల్ల రంగు అని బయటపడింది, జంతువుల ఎముకలు కాల్చి చేసే బొగ్గు రంగు లాంటిది. 2024లో ప్రచురించారు. వెనక కాళ్ళ ఎముకలు మాత్రం నిజమైనవే, వీపు మీద చిన్న ఎముక పొలుసులు కూడా. పూర్తిగా అబద్ధమైన శిలాజం కాదు, నిజమైనదాని చుట్టూ రంగు పూసి పెంచినది. మార్కెట్‌లో ఎదురయ్యే మోసాల్లో ఎక్కువ ఈ బాపతే.

యూవీ ఒక్కదానితో తేలని మోసం ఇంకో రకం. 1999 నవంబర్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక చైనా నుంచి వచ్చిన ఆర్కియోరాప్టర్ అనే శిలాజాన్ని పక్షులకీ డైనోసార్లకీ మధ్య లంకెగా ప్రచురించింది. అందులో ఎముకలన్నీ అసలువే, కాకపోతే ఒకే జంతువువి కావు. పైభాగం ఒక పక్షిది, తోక ఒక చిన్న డైనోసార్‌ది. ఎముక ఎముకలాగే వెలుగుతుంది, ఎవరిదన్నది దీపానికి అనవసరం. అతుకుల మధ్య నింపిన బంక కనిపించినా, "పగిలిన పలకని అతికించాం" అంటే అది నమ్మదగ్గ మాటే. సీటీ స్కాన్‌లో పలక లోపలి ముక్కల మందం, పగుళ్ళు ఒకదానితో ఒకటి కలవకపోవడం చూసి టిమొతీ రో బృందం ముక్కల్ని విడదీసి చూపించింది. పలక రెండుగా చీలినప్పుడు అదే తోక అచ్చు మిగిలిన రెండో సగం చైనాలో శిలాజ శాస్త్రవేత్త షూ షింగ్‌కి కనపడటంతో అనుమానానికి చోటు లేకుండా పోయింది. యూవీ చూసేది పైపొర వరకే.

మరమ్మతు చేసేవాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మ్యూజియాల్లో ఎక్కువగా వాడే పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని అసిటోన్‌లో కరిగించి పూస్తారు. ఎన్నేళ్ళ తర్వాతైనా అసిటోన్‌తోనే తీసేయొచ్చు. నింపిన భాగాన్ని కావాలనే అసలు ఎముక కన్నా ఒక ఛాయ లేతగా ఉంచుతారు, దగ్గరికొచ్చి చూసేవాడికి తేడా తెలియాలని. ఈ రెసిన్ యూవీ కింద బాగా తక్కువగా వెలుగుతుంది, కాబట్టి పాత లక్క పూతలంత సులువుగా దొరకదు. నిజాయితీగా చేసిన కొత్త మరమ్మతు కన్నా, మొరటుగా చేసిన పాత మరమ్మతే దీపం కింద ముందు బయటపడుతుంది.

అందుకని ఈ పనిలో దీపం కన్నా రిజిస్టరుకి ఎక్కువ విలువ ఇస్తాను. ఏ తేదీన ఏ బంక వాడారో రాసి, అతికించక ముందు, అతికించిన తర్వాత ఒకే కోణం నుంచి మామూలు వెలుతురులో ఒకటి, యూవీ కింద ఒకటి ఫొటోలు తీసి జత చెయ్యాలి. ఫొటోలో స్కేలు పెట్టాలి, టార్చి తరంగదైర్ఘ్యం, కెమెరా సెట్టింగులు రాయాలి. బంకల వెలుగు ఏళ్ళు గడిచేకొద్దీ మారుతుంది కాబట్టి, పదేళ్ళ తర్వాత అదే దవడని దీపం కింద పెట్టినవాడికి పోల్చి చూసుకునేందుకు ఆ మొదటి రోజు ఫొటో ఒక్కటే దిక్కు.